రెండు యూరోల రాపోలస్

కెర్వెనై ఊళ్లో రాపోలస్‌ని ఎరగనివాళ్లు లేరు. కానీ అతని నోటి నుంచి ఒక పూర్తి వాక్యం విన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అరవై మూడేళ్ల మనిషి. బడి వెనకాల బాయిలర్ గదిలో కట్టెలు ఎగదోసే పని. గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోయేంత భుజాలు. అంత ఒడ్డూ పొడుగూ ఇచ్చిన దేవుడు నాలుక దగ్గరకొచ్చేసరికి పిసినారితనం చూపించాడు. రాపోలస్‌కి నత్తి.

మామూలు నత్తి కాదు. అక్షరం పెదాల దాకా వచ్చేది, అక్కడ గడియ పడిపోయేది. మొహం ఎర్రబడేది, మెడ మీద నరాలు తేలేవి, ఎదుటివాళ్లు మర్యాదకి నేలచూపులు చూసేవాళ్లు. ఆ నేలచూపులు అతనికి తిట్లకన్నా కష్టంగా ఉండేవి. అందుకని చిన్నప్పుడే ఒక ఉపాయం పట్టాడు. రాని మాటను అక్కడే వదిలేసి, వచ్చే మాటను అనేవాడు. కొట్లో తెల్లరొట్టె కావాలి, 'తె' దగ్గర పడిపోతానని తెలుసు. "నల్లది" అనేసేవాడు. అలా ముప్పయ్యేళ్లు నల్లరొట్టె తిన్నాడు. రాపోలస్‌కి నల్లరొట్టె అంటే ప్రాణమని కొట్టు నడిపే యానీనా ఊరంతా చెప్పేది.

పాట పాడితే మాత్రం నత్తి ఉండేది కాదు. ఎవరైనా పోయినప్పుడు శవం పక్కన కూర్చుని పాడే దైవకీర్తనల్లో అందరికన్నా కిందిస్థాయి గొంతు అతనిదే, ఎక్కడా తడబడేది కాదు. కానీ కొట్లో రొట్టెని పాట పాడి అడగలేం కదా.

ఊరికి ఒక చివర, అడవి అంచున, తల్లి వదిలిపోయిన రెండు గదుల కొయ్య ఇల్లు. ఒక్కడే. ఏడాదికి మూడొందల అరవై నాలుగు రోజులు అలా గడిచేవి. మిగిలిన ఒక్కరోజు కోసం అతను బతికాడంటే అతిశయోక్తి కాదు. అది ఉజ్గవేనేస్ పండుగ. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాలు మొదలవుతాయి కదా, దాని ముందరి మంగళవారం. ఆ రోజు జనం ముసుగులు వేసుకుని చలిని ఊళ్లోంచి తరిమేస్తారు. మేక ముసుగులు, కొంగ ముసుగులు, దయ్యాలు, మృత్యువు. రాపోలస్ ఎలుగుబంటి.

ఆ ఎలుగు వేషం అతను తన చేతులతో చేసుకున్నది. రెండు గొర్రెతోలు కోట్లు తిరగేసి, ఉన్ని పైకి వచ్చేలా కుట్టి, చెట్టుబెరడు ఉడకబెట్టిన నీళ్లలో నల్లగా రంగు వేశాడు. తలకాయ మెత్తటి కొయ్యలో చెక్కాడు. మెడకి తోలుపట్టీ, దానికి ఇనుప గొలుసు. ఆ గొలుసు అవతలి కొస అల్ఫోన్సస్ చేతిలో ఉండేది.

అల్ఫోన్సస్ పాల లారీ డ్రైవరు. రాపోలస్‌తో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు. నోరు మూతపడటం ఎరగని మనిషి. గడప ముందు నిలబడి, గజ్జెలు కట్టిన కర్రతో నేలను కొట్టి, ఒక్క ఊపిరిలో అందుకునేవాడు:

"ఇంటివాళ్లూ, ఇంటివాళ్లూ! దూరదేశపు దట్టమైన అడవి దాటి, మూడు నదులు ఈది, నాలుగు చెరువుల నీళ్లు తాగి వచ్చింది ఈ ఎలుగు! తిని మూడు రోజులైంది! మాంసం ఉంటే మాంసం పెట్టండి, అట్లు ఉంటే అట్లు పెట్టండి, రెండూ లేవంటే ఇంటావిడని ఎత్తుకుపోతుంది! చలీ చలీ, మా వాకిలి వదిలిపో!"

అప్పుడు ఎలుగు గుర్రుమనేది. దొర్లేది. గిరగిరా తిరిగేది. ఇంటావిడని నిజంగానే ఎత్తి ఓ చుట్టు తిప్పి దించేది. ఆడవాళ్లు కేకలు పెట్టేవాళ్లు, పిల్లలు బల్లల కింద దూరేవాళ్లు, పెద్దవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఎలుగు మాట్లాడాలని ఎవరూ ఎదురు చూడరు. ఆ తోలులో రాపోలస్‌కి దొరికిన సుఖమంతా అదే.

మామూలు రోజుల్లో కూడా అల్ఫోన్సస్ అతనికి నోరు. ఆసుపత్రికి వెళితే పక్కన కూర్చుని, "నడుము దగ్గర పట్టేసిందట డాక్టరుగారూ, వంగితే లేవలేకపోతున్నాడట, అబద్ధం, పని ఎగ్గొట్టడానికి" అని నవ్వించేవాడు. పించను కాగితాలు, కరెంటు బిల్లు, అన్నీ అతనే. రాపోలస్ నోరు తెరిచేలోగా అతను సగం చెప్పేసేవాడు, మిగతా సగం కలిపేసేవాడు.

ఒక్కసారి మాత్రం అల్ఫోన్సస్ పక్కన లేకుండా రాపోలస్ మాట్లాడబోయాడు. పొలాలన్నీ ప్రభుత్వపు ఉమ్మడి సేద్యంలో ఉన్న కోల్ఖోజు రోజుల సంగతి. అప్పుడతనికి ఇరవై ఆరేళ్లు. పాల డిపోలో బేనా అనే పిల్ల పనిచేసేది. ఆ ఏడు పండుగలో ఎలుగు ఆమెని ఎత్తి తిప్పితే, ఆమె దిగకుండా మెడ పట్టుకుని, కొయ్య చెవిలో, "నువ్వెవరో నాకు తెలుసులే. రేపు ఈ తల తీసేసి రా, అప్పుడు చూద్దాం" అంది. మర్నాడు కాదు, మూడో రోజుకి ధైర్యం చిక్కింది. గడ్డం గీసుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని డిపో బయట నిలబడ్డాడు. ఆమె వచ్చింది. అతని నోట్లో 'బే' గడియ పడిపోయింది. ఆమె నిలబడింది. నవ్వలేదు, నేలచూపులు చూడలేదు, తిన్నగా అతని మొహంలోకే చూస్తూ నిలబడింది. ఇంతలో బస్సు వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు. "రేపు చెబుదువుగానీ" అని ఎక్కేసింది. అతను మర్నాడు వెళ్లలేదు. ఆ వేసవిలో ఆమె క్లైపేదా పట్నంలో ఓడరేవు పనివాణ్ణి పెళ్లి చేసుకుంది.

ఏళ్లు గడిచాయి. కోల్ఖోజు పోయింది, రూబుళ్లు పోయాయి, లీతాలు వచ్చి అవీ పోయాయి, యూరోలు వచ్చాయి. ప్రతి ఏడూ ఆ మంగళవారం మాత్రం గొలుసుకి ఒక కొసన ఎలుగు, ఇంకో కొసన అల్ఫోన్సస్.

రాపోలస్‌కి అరవై మూడేళ్లు వచ్చిన ఏడు, పండుగ అయిన ఐదో వారం, అల్ఫోన్సస్ పెరట్లో కట్టెలు కోస్తూ రంపం పక్కన పెట్టి, "కాస్త కూర్చుంటా" అన్నాడట. భార్య స్తెఫానియా కిటికీలోంచి చూసేసరికి కూర్చునే ఉన్నాడు. అంతే.

రెండు రోజులు కీర్తనలు పాడారు. రాపోలస్ రెండు రోజులూ కుర్చీలోంచి లేవలేదు. తక్కిన పాటగాళ్లు వంతులు వేసుకుని సూప్ తాగి వచ్చారు, అతను మాత్రం పాడుతూనే ఉన్నాడు. స్తెఫానియా ఒకసారి వచ్చి అతని చేతిలో నీళ్ల గ్లాసు పెట్టి, "ఊపిరి తీసుకో, వాడెక్కడికీ పోడు" అంది.

ఆ తర్వాత ఊరు రాపోలస్‌ని మరిచిపోలేదు గానీ, అతన్ని పలకరించడం ఎలాగో మరిచిపోయింది. ఇదివరకు ఎవరైనా, "ఏమంటున్నాడు మీ ఎలుగు?" అని అల్ఫోన్సస్‌ని అడిగేవాళ్లు. ఇప్పుడు అడగడానికి మధ్యవర్తి లేడు. ఎదురుపడితే తలూపేవాళ్లు. అతనూ ఊపేవాడు. జూలైలో నడుము పట్టేస్తే ఆసుపత్రికి వెళ్లలేదు. రెండు వారాలు వంగి నడిచాడు, అదే తగ్గింది.

ఆకులు రాలే రోజుల్లో, బంగాళాదుంపలు తవ్వడం అయిపోయాక, సాంస్కృతిక భవనం చూసుకునే రసీతా అతని వాకిట్లోకి సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ పరుగులోనే ఉండేది.

"రాపోలస్ బాబాయ్! కుక్క లేదుగా? హమ్మయ్య. ఒక సంగతి చెప్పాలి, కూర్చుని విను. మన జెమైతియా ప్రాంతం మీద నాణెం వేశారు. రెండు యూరోలది. నిజం నాణెమే, కొట్లో చెల్లుతుంది. మన పేరు రాతల్లోకి ఎక్కి ఎనిమిది వందల ఏళ్లయిందట. దాని మీద ఎవరున్నారో చెప్పు?"

రాపోలస్ భుజాలు ఎగరేశాడు.

"ఎలుగుబంటి! మన గుర్తు అదేగా. నిలబడి ఉంది, మెడకి పట్టీ ఉంది. అచ్చం నువ్వే. వచ్చే శనివారం రాజధాని నుంచి బ్యాంకువాళ్లు నాణేలు పట్టుకొస్తున్నారు. మామూలు డబ్బు ఇచ్చి కొత్త నాణెం తీసుకోవచ్చు. భవనం ముందు పాటలు, ఉపన్యాసాలు. ఎలుగు నిలబడకపోతే ఎలా? ఏం చెయ్యక్కర్లేదు. ఆడక్కర్లేదు, దొర్లక్కర్లేదు. నాణెం మీద ఒంటరిగా నిలబడింది కదా, నువ్వూ అలాగే ఒంటరిగా నిలబడు చాలు."

ఉజ్గవేనేస్ కాని రోజున ఎలుగు బయటికి రాకూడదని చెప్పాలనుకున్నాడు. గొలుసు పట్టేవాడు లేడని చెప్పాలనుకున్నాడు. రెండింటికీ మొదటి అక్షరం దొరకలేదు. "సరే" అనేది తేలిక.

"సరే" అన్నాడు.

"బంగారం నువ్వు!" అని రసీతా సైకిలెక్కింది.

శనివారం ఎండగా ఉంది, గాలి చల్లగా ఉంది. సాంస్కృతిక భవనం మెట్ల పక్కన బండి చక్రమంత అట్ట నాణెం నిలబెట్టారు, దాని పక్కన ఎలుగుని నిలబెట్టారు. గొలుసు కొస నేల మీద పడి ఉంది. ఎదురుగా బల్ల, బల్ల వెనక ఇద్దరు బ్యాంకు అమ్మాయిలు, బల్ల ముందు ఊరంతా వరస కట్టింది. రాజధాని నుంచి వచ్చిన అధికారి పల్చటి కోటు వేసుకుని, మైకులో మంచి పుస్తకాల భాషలో మాట్లాడాడు. జెమైతీ జనం మొండితనం గురించి, మౌనం గురించి, పట్టుదల గురించి పొగిడాడు.

"ఎనిమిదొందల ఏళ్లకి గుర్తొచ్చాం వీళ్లకి" అంది వరసలో నిలబడ్డ యానీనా, తమ యాసలో.

"పోనీలే, ఎలుగుని వేశారు. కోడిని వేసుంటే ఏం చేసేవాళ్లం?" అన్నాడు వెనకాల ఎవరో.

"మౌనమట! ఇతనికి అల్ఫోన్సస్ తెలీదు పాపం."

నవ్వారు. కొయ్యతల లోపల రాపోలస్‌కి ఆ నవ్వు వినపడింది. కళ్లకి చెక్కిన రెండు కన్నాల్లోంచి అతనికి ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపిస్తోంది. పండుగ రోజు ఆ కన్నాల్లో ముందుగా అల్ఫోన్సస్ వీపు కనిపించేది, తర్వాత ఇంటి గుమ్మం. ఇప్పుడు మొహాలు కనిపిస్తున్నాయి. జనం నాణెం తీసుకుని, ఎలుగు పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్తున్నారు. భుజం మీద చెయ్యి వేస్తున్నారు. ఒకామె, "ఇది నిజం బొచ్చేనా?" అని లాగి చూసింది.

"ఆడు రాపోలా! నిద్రపోయావా?" అని మిల్లులో పనిచేసే కుర్రకుంకలు అరిచారు.

ఆడలేదు. గజ్జెల కర్ర చప్పుడు లేకుండా ఎలా ఆడాలో అతనికి తెలీదు. నిలబడ్డాడు. గంట దాటింది. గొర్రెతోళ్ల లోపల చెమట కారి కాళ్లజోళ్లలోకి దిగింది.

చివర్లో పత్రికవాళ్ల ఫోటో కోసం అధికారి వచ్చాడు. సరదా మనిషిలాగే ఉన్నాడు. కిందపడ్డ గొలుసు తీసుకుని, "ఏదీ, ఒక్కసారి గర్జించండి!" అన్నాడు. ఎలుగు కదల్లేదు. అధికారి నవ్వుతూ గొలుసు లాగాడు. పట్టీ మెడకి బిగిసింది. ఎలుగు కదల్లేదు. నవ్వుతున్నవాళ్లు నవ్వడం మానేశారు. మరోసారి లాగాడు, ఈసారి కాస్త గట్టిగా, ఎందుకంటే కెమెరాలు చూస్తున్నాయి.

"వదలండి దాన్ని."

వరసలోంచి స్తెఫానియా వచ్చింది. నల్లదుస్తులు, చంకలో సంచి, సంచిలో ఉల్లికాడలు. ఆమె మెత్తటి మనిషి కాదు. అల్ఫోన్సస్ బతికున్నన్నాళ్లూ ఇద్దరి కేకలూ మూడిళ్ల అవతలికి వినపడేవి.

"మీకు నడిపించడం రాదు. అలా లాగితే రాదది. ఇటివ్వండి."

అధికారి చటుక్కున ఇచ్చేశాడు. స్తెఫానియా సంచి కింద పెట్టింది. గొలుసుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది, మొగుడు చుట్టుకున్నట్టే. కర్ర లేదు కాబట్టి బూటు మడమతో మెట్టుని కొట్టింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఇంటివాళ్లూ, ఇంటివాళ్లూ! దూరదేశపు దట్టమైన అడవి దాటి, మూడు నదులు ఈది..."

ఒక్క ముక్క తప్పకుండా చెప్పింది. ముప్పై నాలుగేళ్లు, ఏటా పండుగ మంగళవారం ముందు రాత్రి మొగుడు ఇంట్లో సాధన చేస్తుంటే విన్న మనిషి. "ఇంటావిడని ఎత్తుకుపోతుంది" దగ్గర మడమతో మెట్టుని ఇంకోసారి గట్టిగా కొట్టింది. ఎలుగు గుర్రుమంది. ఒక కాలు ఎత్తింది, ఇంకో కాలు ఎత్తింది, తిరిగింది. నడుము నొప్పిని లెక్కచెయ్యకుండా రాళ్ల మీద దొర్లింది. లేచి మళ్లీ తిరిగింది. జనం చప్పట్లు కొట్టడం మొదలెట్టి, దేనికో ఆపేశారు. బూటు మడమ చప్పుడు, గొలుసు చప్పుడు, అంతే.

అయ్యాక స్తెఫానియా గొలుసు విప్పి ఎలుగు భుజం మీద వేసింది, సంచి తీసుకుంది, నాణెం తీసుకోకుండానే ఇంటికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఊళ్లో ఆ నాణేనికి రాపోలస్ అని పేరు పడింది. ఎవరు మొదలెట్టారో తెలీదు, యానీనాయే అయ్యుంటుంది. "రొట్టెకి ఒక రాపోలస్, చిల్లర ఇస్తా." "మూడు రాపోలస్‌లు ఇవ్వు, హెర్రింగు చేపలిస్తా." బార్లో కుర్రాళ్లు బొమ్మా బొరుసూ వేసేటప్పుడు, "నాకు రాపోలస్ పడాలి" అనేవాళ్లు. అతను కొట్లోకి వస్తే యానీనా గల్లా పెట్టెలోంచి ఒకటి తీసి, "ఇదిగో చూడు, నీ ఫోటో. నీకంటే అందంగా ఉంది, నోరు కూడా తెరిచింది" అనేది. నల్లరొట్టె కాగితంలో చుట్టి ఇచ్చేది.

అతను నవ్వేవాడు. రోజుకి నలభైసార్లు ఊరి నోట్లో అతని పేరు నలిగేది. అడవి అంచున ఉన్న ఇంటి తలుపు మాత్రం ఒక్కరూ తట్టలేదు.

రసీతా అతనికి ఒక నాణెం బహుమతిగా పంపింది. చిన్న అట్టలో అమర్చి, పైన ప్లాస్టిక్ మూత, అట్ట మీద పొలాల బొమ్మ. అతను దాన్ని రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని చూశాడు. మూడో రోజు జేబులో వేసుకుని స్తెఫానియా ఇంటికి వెళ్లాడు.

తలుపు తెరిచే ఉంది. నడవలో అట్టపెట్టెలు. ఆమె కప్పుల్ని పాత పత్రికల్లో చుడుతోంది.

"నువ్వా! బూట్లు విప్పకు, నేలెలాగూ పాడయింది. కూర్చో, ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదింకా." స్టవ్ మీంచి ఉడికిన బంగాళాదుంపలు తెచ్చి ముందు పెట్టింది. పక్కన గిన్నెలో వెల్లుల్లి వేసి నలిపిన పుల్లమీగడ ముద్ద. "తిను. చేతులు వేడిగా ఉండగానే నలపాలి దీన్ని, లేకపోతే విరిగిపోతుంది. ఈసారి బానే కుదిరింది."

అతను అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చూసింది.

"ఈ ఎలుగు నీకంటే సన్నంగా ఉంది" అంది. "నాకా?"

తలూపాడు.

"ఉంచుకుంటాలే." అట్టని తెరిచిన పెట్టెలో, కప్పుల మధ్య దోపింది. "క్లైపేదాలో మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నా, రాపోలా. దానిది వేడిగొట్టాల ఇల్లు, కట్టెలు కొయ్యక్కర్లేదు. ఈ ఇంట్లో రంపం చూస్తే నాకు పడటం లేదు. సోమవారం పోతా."

అతను బంగాళాదుంప పట్టుకుని ఉండిపోయాడు. తొక్క తియ్యడం మరిచిపోయాడు.

"ఒక్క మాట చెబుతా, కోపం తెచ్చుకోకు" అంది స్తెఫానియా, చేతిలోని కప్పు పక్కన పెట్టి. "శనివారం చేసింది మళ్లీ చెయ్యను. అది ఆయన పని. నిన్ను కుక్కని లాగినట్టు లాగుతుంటే చూడలేక చేశా. ఇంకోటి. నీ మాటలన్నీ ఆయనే మాట్లాడేసేవాడు. నీ మీద ప్రేమతోనే, కాదనను. కానీ నేను ఆయన్ని తిట్టేదాన్ని, తెలుసా? 'వాడి నోరు వాడికి వదిలెయ్యవయ్యా, గంట పడితే గంట పట్టనీ' అని. వినేవాడా? 'వాడు కష్టపడుతుంటే నాకు చెమటలు పడతాయే' అనేవాడు. ఇప్పుడాయన హాయిగా పడుకున్నాడు. నువ్వేం చేస్తావు?"

రాపోలస్ ఏం చెప్పాలో అతనికి తెలుసు. ఒకే మాట. వెళ్లకు. పెళ్లి ఊసు కాదు, ఇంకేదీ కాదు. ఊళ్లో ఉండు, అప్పుడప్పుడూ ఈ కుర్చీలో కూర్చోనివ్వు, అంతవరకే. పెదాలు 'వె' కోసం ముడుచుకున్నాయి. గడియ పడింది. మెడ నరాలు లేచాయి. స్తెఫానియా కదల్లేదు.

"చెప్పు. నేనెక్కడికీ పరిగెత్తడం లేదు."

గోడ గడియారం కొట్టుకుంటోంది. పొయ్యిలో కట్టె చిటపటమంది. ఆమె నిజంగానే కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎంతసేపయినా సరే అన్నట్టు. ఆమె ఎంత ఓపిగ్గా చూస్తే అతనికి అంత గట్టిగా బిగుసుకుంది. చివరికి అరవయ్యేళ్ల అలవాటు గెలిచింది. రాని మాటని వదిలేసి, వచ్చే మాటని పట్టుకున్నాడు.

"బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

స్తెఫానియా పక్కన పెట్టిన కప్పుని మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆమె కనిపెట్టిందో లేదో అతనికి తెలీలేదు.

"తొమ్మిదీ ఇరవైకి" అంది. "పెట్టెలు మోద్దువుగానీ రా."

సోమవారం వెళ్లి పెట్టెలు మోశాడు. బస్సు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి ఏదో అంది. అద్దం మూసి ఉంది, వినపడలేదు.

నవంబరు వచ్చేసరికి ఆ నాణేలు ఊళ్లో కనపడటం తగ్గిపోయింది. కొన్ని సొరుగుల్లోకి, కొన్ని విదేశాల్లో ఉన్న చుట్టాలకి ఉత్తరాల్లోకి పోయాయి. మిగిలినవి ఎటు పోతాయో అటు పోయాయి. యానీనా గల్లాపెట్టెలో మళ్లీ జర్మనీ గద్దల నాణేలు, ఫిన్లాండు పళ్ల గుత్తుల నాణేలు. "మూడు రాపోలస్‌లు" అనేవాళ్లు మళ్లీ "ఆరు యూరోలు" అనడం మొదలెట్టారు. ఒకసారి యానీనా ఎవరికో చిల్లరిస్తూ ఆ పేరు అంటే, ఆ మనిషి, "ఏంటీ?" అని అడిగాడు. ఆమె కూడా విడమరిచి చెప్పలేదు.

మంచు సరిగ్గా పడని చలికాలం అది. ఫిబ్రవరిలో రసీతా మళ్లీ వచ్చింది. బడి నాటక బృందం ఊరేగింపు చేస్తోంది, ఎలుగుగా వాళ్లతో కలవమంది. గొలుసు పట్టడానికి లెక్కల మాస్టారు ఉన్నాడట, మంచి గొంతట. రాపోలస్ తల అడ్డంగా ఊపాడు. ఎందుకని ఆమె అడగలేదు.

ఆ మంగళవారం అతను ఒక్కడే వేషం వేసుకుని బయల్దేరాడు. సన్న వాన. అల్ఫోన్సస్‌తో వెళ్లే ఇళ్లు అడవి దారిలో ఏడు. మొదటి రెండు తాళాలు. మూడో ఇల్లు గాద్‌వీలస్ అనే ముసలాయనది. ఇప్పుడు దాన్ని రాజధాని నుంచి వచ్చిన ఒక కుర్ర జంట కొనుక్కుంది. ఇంట్లో కూర్చునే కంప్యూటర్ మీద పని చేస్తారట. రాపోలస్ వాళ్లని దూరం నుంచి చూశాడు అంతే.

తలుపు కొట్టాడు. కుక్క అరిచింది. ఎర్ర స్వెట్టరు వేసుకున్న అమ్మాయి తలుపు తీసి, "అమ్మో!" అని ఒక అడుగు వెనక్కి వేసింది. వెనకాల మొగుడు వచ్చాడు.

అల్ఫోన్సస్ ఉంటే ఈ పాటికి మూడు నదులు దాటేసేవాడు. వాళ్లిద్దరూ చూస్తున్నారు. ఎలుగు గుర్రుమంది. వాళ్లు ఇంకా చూస్తున్నారు. వాళ్లకి పండుగ సంగతి తెలుసు గానీ, ఇంటిముందుకి ఎలుగు వస్తే ఏం చెయ్యాలో తెలీదు. వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. వానలో నిలబడి ఉన్నాడు, కొయ్యతల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇం... ఇం... ఇంటి..." అన్నాడు.

తోలు లోపల కూడా నత్తి ఉందని అతనికి అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లలో ఎలుగు ఎప్పుడూ మాట్లాడలేదుగా.

ఆపలేదు. ఎందుకు ఆపలేదో అతనికే తెలీదు. వచ్చే మాటకి మార్చేద్దామంటే ఇది తన మాట కాదు, అల్ఫోన్సస్ మాట, మార్చడానికి లేదు. ఇంటివాళ్లూ దగ్గర్నుంచి దూరదేశానికి, దట్టమైన అడవికి, ఒక్కొక్క అక్షరాన్నీ బావిలోంచి నీళ్లు తోడినట్టు తోడాడు. మూడు నదుల దగ్గర అమ్మాయి మొహంలో నవ్వు మొదలైంది. నాలుగు చెరువుల దగ్గర మొగుడు కూడా నవ్వాడు. వెక్కిరింపు కాదు. అది వేషంలో భాగమనుకున్నారు, పాత ఎలుగు కష్టపడి మనుషుల భాష మాట్లాడుతోందని. "ఇం... ఇంటావిడని ఎ... ఎ... ఎత్తుకు..." దగ్గర అమ్మాయి కిలకిలా నవ్వి చప్పట్లు కొట్టింది.

"ఎంత బాగా చేశారో! ఎంత సాధన చేసుంటారు!" అంది. "రండి, లోపలికి రండి, తడిసిపోయారు."

తల తియ్యమంటారని భయపడి లోపలికి వెళ్లలేదు. కొట్లో కొన్న అట్లు వేడిచేసి, కాగితం పళ్లెంలో తెచ్చి ఇచ్చారు. కొయ్య మూతి కింద నుంచి ఒకటి తిన్నాడు. మిగతావి తోలు లోపల దాచుకున్నాడు.

నాలుగో ఇంటి ముందూ మొత్తం చెప్పాడు. ఆ ఇంట్లో ముసలి వేరోనికా గుమ్మం పట్టుకుని, నవ్వకుండా, వానలోకి తల పెట్టి చివరిదాకా వింది. "నాలుగు చెరువులు కాదురా, మూడు. అల్ఫోన్సస్ తాగినప్పుడు నాలుగనేవాడు" అని, రెండు అట్లు చేతిలో పెట్టి తలుపు వేసుకుంది. ఐదో ఇంట్లో టీవీ మోగుతోంది, ఎవరూ రాలేదు. అయినా చెప్పాడు. ఆరు, ఏడు ఇళ్లు కూడా తిరిగి చీకటి పడేలోగా ఇంటికి చేరాడు.

పొయ్యి వెలిగించి, తడిసిన తోళ్లను కుర్చీల మీద ఆరవేశాడు. టీ కాచుకుని, చల్లారిన అట్లను పెనం మీద మళ్లీ కాల్చాడు. మొదటి ముక్క మింగబోతే గొంతు భగ్గున మండింది. కాసేపు అర్థం కాలేదు, వానకి జలుబు చేసిందేమో అనుకున్నాడు. తర్వాత తెలిసింది. తన జన్మలో ఒక్కరోజున అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. టీలో ఒక చెంచా తేనె వేసుకుని, మెల్లగా తాగాడు.